మేకల పొట్టలో దొరికిన జవాబు

శ్రోతలకు నమస్కారం. పశువుల, కోళ్ల దాణాలో కలిపే మేలు చేసే బ్యాక్టీరియాను ఎక్కడ వెతకాలి, ఎలా ఎంచుకోవాలి అన్నది ఈరోజు చెప్పుకుందాం.

సుబాబుల్ ఆకులో మాంసకృత్తులు బాగా ఉంటాయి, పశువులు ఇష్టంగా తింటాయి. కానీ అందులో మైమోసిన్ అనే విషపదార్థం కూడా ఉంది. ఆస్ట్రేలియాలో ఈ మేత ఎక్కువగా తిన్న పశువులకు వెంట్రుకలు రాలేవి, థైరాయిడ్ గ్రంథి వాచేది. హవాయి దీవుల్లో మాత్రం మేకలు అదే ఆకును మేసి హాయిగా ఉండేవి. రేమండ్ జోన్స్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త ఈ తేడాను వదిలిపెట్టలేదు. ఆ మేకల పెద్దపొట్టలోని సూక్ష్మజీవులే విషాన్ని విరిచేస్తున్నాయని తేలింది. 1980లలో వాటిని తెచ్చి ఆస్ట్రేలియా పశువుల పొట్టలోకి ఎక్కిస్తే, అవి కూడా సుబాబుల్‌ను తట్టుకున్నాయి. అందులో ఒక బ్యాక్టీరియాకు తర్వాత సినర్జిస్టెస్ జోన్సియై అని ఆయన పేరే కలిపారు.

మామూలుగా మనం జబ్బు చేసిన పశువునే పరీక్షిస్తాం. ఇక్కడ జబ్బు చేయని పశువును పరీక్షించారు. మేలు చేసే బ్యాక్టీరియాను వెతకాల్సింది అక్కడే అని నా గట్టి నమ్మకం.

కోళ్ల విషయంలోనూ ఇలాగే జరిగింది. ఫిన్లాండ్‌లో నుర్మి, రంటాలా అనే పరిశోధకులు పెద్ద కోళ్ల పేగుల్లోని పదార్థాన్ని అప్పుడే పొదిగిన పిల్లలకు పట్టించారు. ఆ పిల్లలు సాల్మొనెల్లా అనే హానికర బ్యాక్టీరియాను బాగా తట్టుకున్నాయని 1973లో ప్రకటించారు. మంచి బ్యాక్టీరియా ముందే చోటు ఆక్రమిస్తే చెడ్డదానికి నిలవడానికి జాగా దొరకదు.

అయితే పేగులో దొరికిన ప్రతి బ్యాక్టీరియా దాణాకు పనికిరాదు. ల్యాబ్‌లో దాన్ని ముందు కడుపులోని ఆమ్లంలాంటి ద్రావణంలో, తర్వాత పైత్యరసంలో ఉంచి చూస్తారు. బతికినవి పేగు గోడకు అంటుకుంటాయా, హానికర క్రిములను అణచగలవా అని పరీక్షిస్తారు. చాలావరకు ఈ దశల్లోనే రాలిపోతాయి.

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఇంకొకటుంది. యాంటీబయాటిక్ మందులకు లొంగకుండా చేసే జన్యువులు ఆ బ్యాక్టీరియాలో ఉన్నాయా, అవి వేరే క్రిములకు పాకగలవా అన్నది చూడాలి. పశువులు త్వరగా పెరగడానికి దాణాలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుంచి పూర్తిగా ఆపేసింది. మందులకు లొంగని క్రిములు పెరుగుతాయన్న భయమే కారణం. ఆ మందుల బదులు వాడే బ్యాక్టీరియానే అలాంటి జన్యువులను మోసుకొస్తే ఇక లాభమేముంది? ఈ పరీక్షలో ఓడిపోతే, మిగతా పరీక్షలన్నీ నెగ్గినా సరే, దాన్ని పక్కన పెట్టాల్సిందే.

చివరి గండం దాణా మిల్లులో. గుళికలు చేసేటప్పుడు వేడి 70, 80 డిగ్రీలు దాటుతుంది. లాక్టోబాసిల్లస్ లాంటి మేలు చేసే బ్యాక్టీరియా ఆ వేడికి చాలావరకు చనిపోతాయి. బాసిల్లస్ అనే మరో బ్యాక్టీరియా జాతి మాత్రం గట్టి పెంకులాంటి స్పోర్‌గా మారి తట్టుకుంటుంది. అందుకే గుళికల దాణాలో దాన్ని ఎక్కువగా వాడతారు. లాక్టోబాసిల్లస్‌నే ఇవ్వాలనుకుంటే, గుళికలు చల్లారాక పైన చల్లాలి, లేదా తాగే నీటిలో కలపాలి.