మీ రైఫిల్ నిజంగా తన్నుతోందా, లేక లోపల సిలిండర్ దొర్లుతోందా?

(టేబుల్ మీద మూడు వస్తువులు: ఒక రబ్బరు బిళ్ల, ఒక బఫర్, ఒక మజిల్ బ్రేక్)

నమస్కారమండీ. మొన్న డల్లాస్‌లో మేం వెళ్లే షూటింగ్ రేంజ్‌కి మన తెలుగాయనే ఒకరు కొత్త ఏఆర్-15 రైఫిల్ తెచ్చారు. కొని నెల కాలేదు, అప్పుడే సంక్రాంతి గంగిరెద్దులా అలంకరించేశారు. "ఇవన్నీ ఏంటన్నా?" అంటే "రీకాయిల్ తగ్గడానికి" అన్నారు. అంటే కాల్చినప్పుడు తుపాకీ వెనక్కి తన్నడం. ఈ మాట వినీ వినీ విసుగొచ్చి ఈ వీడియో చేస్తున్నా.

ముందు హెచ్-1బీ మీదున్న తమ్ముళ్లకి ఒక మాట. హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు ఏదైనా ఉంటే తప్ప, ఫెడరల్ చట్టం ప్రకారం మీరు తుపాకీ దగ్గర ఉంచుకోకూడదు. రేంజ్‌లో అద్దెకి తీసుకున్నా అదే రూలు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ చిక్కు లేదు. సరే, విషయానికొద్దాం.

ఏఆర్-15 బుల్లెట్ బరువు సుమారు మూడున్నర గ్రాములు. రైఫిల్ మూడు కిలోల పైమాటే. లెక్క కడితే భుజానికి తగిలేది 5 జౌల్స్ చిల్లర. అంటే అరకిలో పంచదార ప్యాకెట్‌ని మీటరు ఎత్తు నుంచి వదిలినంత. ఇంకా పెద్ద తూటా కాల్చే .308 రైఫిల్ అయితే దీనికి దాదాపు నాలుగు రెట్లు. పైగా యూజీన్ స్టోనర్ ఏఆర్-15ని డిజైన్ చేసినప్పుడే బట్‌ని, అంటే భుజానికి ఆనే భాగాన్ని, బ్యారెల్‌కి తిన్నగా వెనక పెట్టాడు. దెబ్బ నేరుగా భుజంలోకి వస్తుంది కాబట్టి మూతి పెద్దగా పైకి లేవదు. ఇప్పుడు మీరు డబ్బు పోసి కొంటున్నదాంట్లో సగం ఆయన అప్పుడే చేసి పెట్టాడు.

మరి ఆ కుదుపు ఎక్కడిది?

ట్రాలీ ఆటోలో తాడు కట్టని గ్యాస్ సిలిండర్ ఉందనుకోండి. డ్రైవర్ క్లచ్ ఒక్కసారిగా వదిలాడు. సిలిండర్ వెనక్కి దొర్లి డోర్‌కి ధడేల్! బ్రేకు కొట్టాడు, ముందుకొచ్చి క్యాబిన్‌కి ధడేల్! మీ రైఫిల్‌లో ఆ సిలిండర్ పేరు బోల్ట్ క్యారియర్. తూటా పేలినప్పుడు వచ్చే గ్యాస్ దాన్ని వెనక్కి తోస్తుంది, దాని వెనకున్న బఫర్ అనే బరువు వెళ్లి బట్‌లోని ట్యూబ్ చివర గుద్దుకుంటుంది, స్ప్రింగ్ మళ్లీ ముందుకు నెడుతుంది. మీరు "తన్నింది" అంటున్నది ఒక దెబ్బ కాదు. బుల్లెట్ వెళ్లినప్పుడు ఒకటి, సిలిండర్ వెనక తగిలినప్పుడు ఒకటి, ముందు తగిలినప్పుడు ఇంకొకటి.

ఇదిగో, ఈ రబ్బరు బిళ్ల. ట్యూబ్‌లో వేసుకోమని అమ్ముతారు. ఆటో వెనక డోర్‌కి పాత టైరు ముక్క కట్టడం లాంటిది. చప్పుడు తగ్గుతుంది, నిజమే. కానీ సిలిండర్ వేగం తగ్గిందా? లేదు. పైగా టైరు ముక్క మందం మేరకు అది ముందే ఆగిపోతుంది. నేనూ వేశాను లెండి, నాకేం తక్కువ! ఒకరోజు మ్యాగజైన్ ఖాళీ అయ్యాక బోల్ట్ వెనక్కి వెళ్లి అక్కడే ఆగాలి కదా, ఆగలేదు. ట్రిగ్గర్ నొక్కితే టిక్ అంది, అంతే. ఇంటికొచ్చి విప్పితే ట్యూబ్‌లోంచి నల్లటి ముక్కలు రాలాయి, పాత చెప్పు అడుగు చిరిగి ఊడినట్టు.

రెండోది బఫర్. మామూలు కార్బైన్ బఫర్ 85 గ్రాములు. లోపలి స్టీలు ముక్కల బదులు బరువైన టంగ్‌స్టన్ వేస్తే, హెచ్2 అనే రకం సుమారు 130 గ్రాములు, హెచ్3 ఇంకా ఎక్కువ. సిలిండర్ బరువెక్కింది కాబట్టి నిదానంగా దొర్లుతుంది. ఇది పనికొచ్చే వస్తువే. కానీ అతి చేస్తే, చవక రకం తూటాలతో సిలిండర్ డోర్ దాకా చేరదు, తర్వాతి తూటా ఎక్కదు.

అసలు తప్పు ఎవరిది? డ్రైవర్‌ది! క్లచ్ అంత గట్టిగా ఎందుకు వదిలాడు? మన రైఫిల్‌లో ఆ డ్రైవర్ గ్యాసే. చాలా కంపెనీలు గ్యాస్ కావాలనే కాస్త ఎక్కువ పంపేలా చేస్తాయి. మురికి పట్టినా, తూటా నీరసంగా ఉన్నా తుపాకీ ఆగకూడదని. 16 అంగుళాల బ్యారెల్‌కి 7 అంగుళాల దగ్గర రంధ్రం పెట్టి గ్యాస్ తీస్తే ఒత్తిడి ఎక్కువ, మిడ్-లెంగ్త్ అంటే 9 అంగుళాల దగ్గర తీస్తే మెత్తన. ఇంకా కొనని వాళ్లు ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. కొనేశారా? కాల్చాక బయటికొచ్చే తూటా ఖాళీ కేసులు ఎటు పడుతున్నాయో చూడండి. మీకు కుడిపక్కన, కాస్త వెనగ్గా పడితే బాగుంది. ముందుకు దూసుకెళ్తుంటే సాధారణంగా గ్యాస్ ఎక్కువైనట్టు. అప్పుడు గ్యాస్ ఎంత వెళ్లాలో సరిచేసుకునే అడ్జస్టబుల్ గ్యాస్ బ్లాక్‌కి డబ్బు పెట్టండి, నేను ఆపను. డ్రైవర్‌ని వదిలేసి డోర్‌కి టైరు ముక్కలు కట్టడం ఏం పనండీ!

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. బ్యారెల్ మూతికి బిగించే మజిల్ బ్రేక్: మొత్తం రీకాయిల్‌లో 40 శాతం దాకా మూతిలోంచి దూసుకొచ్చే గ్యాస్ వల్లే. దాన్ని పక్కలకి మళ్లిస్తుంది కాబట్టి ఇది నిజంగా తగ్గిస్తుంది. ఖర్చు మాత్రం పక్కవాడిది. ఇండోర్ రేంజ్‌లో పక్క లేన్‌లో నిలబడితే చెంప మీద చాచి కొట్టినట్టుంటుంది, ఇయర్ మఫ్స్ కింద ప్లగ్స్ కూడా పెట్టుకోవాలి. బట్‌కి తొడిగే రబ్బరు ప్యాడ్: .308కి, స్టీలు బట్‌ప్లేట్ ఉన్న ఎమ్1 గరాండ్ అనే పాత సైనిక రైఫిల్‌కి బ్రహ్మాండం, ఏఆర్-15కి దండగ. చిన్న తూటా కాల్చే రూగర్ 10/22 రైఫిల్‌కి ప్లాస్టిక్ బఫర్ పిన్: అందులో తన్నేదేముంది, చప్పుడు తగ్గుతుందంతే. ఇక నిలబడే పద్ధతి: బట్‌ని భుజం గుంటలోకి లాక్కుని కాస్త ముందుకు వంగండి. దీనికి పైసా ఖర్చు లేదు కాబట్టి ఎవరూ అమ్మరు.

మన గంగిరెద్దు అన్నకి ఇదంతా చెప్పాను. అన్నీ పీకేసి బ్రేక్ ఒక్కటి ఉంచుకున్నారు. ఆ రోజు నేను నాలుగు లేన్లు అవతలికి జరిగాను.