క్లాసులో ప్రతి ఒక్కరికీ ఒక కార్డు

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో ఉన్న కూతురికో కొడుక్కో ఫిబ్రవరి రెండో వారంలో వీడియో కాల్ చేస్తే డైనింగ్ టేబుల్ నిండా ఎర్ర కాగితాలు, జిగురు, కత్తెర కనిపిస్తాయి. మనవరాలు తలెత్తకుండానే వాలెంటైన్స్ డే కార్డులు రాస్తున్నానంటుంది. ఆరేళ్ల పిల్లకు ప్రేమికుల రోజేమిటని ఇక్కడ తాతయ్యకు కంగారు. కంగారేం అక్కర్లేదండీ. అక్కడి చిన్న తరగతుల్లో ఫిబ్రవరి 14 స్నేహితుల పండగ.

టీచరుగారు క్లాసులో పిల్లలందరి పేర్లూ రాసిన లిస్టు ఇంటికి పంపుతారు. కార్డులు తేవాలన్న బలవంతం ఉండదు. తెస్తే మాత్రం అందరికీ తేవాలని చాలా బళ్లలో నియమం. పిల్లలు షూ డబ్బాకు రంగు కాగితం అంటించి, మూత మీద చీలిక పెట్టించుకుని, తమ పేరు రాసుకుంటారు. ఆ రోజు వరసగా పెట్టిన డబ్బాల చుట్టూ తిరుగుతూ ఒక్కోదాంట్లో ఒక్కో కార్డు వేస్తారు.

అందరికీ ఇవ్వాలన్న ఆ నియమం నాకెంతో నచ్చింది. అది లేకపోతే నలుగురితో కలిసిపోయే పిల్లల డబ్బాలు నిండిపోతాయి, మొన్ననే చేరిన పిల్లాడి డబ్బాలో రెండో మూడో పడతాయి. ఆ వయసులో అలాంటి లెక్క మనసులో నాటుకుపోతుంది. ఉద్యోగాల కోసం ఊళ్లు మారే మన తెలుగు కుటుంబాల్లో ఆ కొత్త పిల్లాడు మనవాడే కావచ్చు.

అమెరికాలో ఈ కార్డులకు ఊపు తెచ్చింది ఎస్తర్ హౌలాండ్ అనే యువతి. మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉండేది. 1847లో చదువు ముగించాక, ఇంగ్లండ్ నుంచి వచ్చిన లేసు కాగితం కార్డు చూసి తానూ చేయడం మొదలుపెట్టింది. తండ్రికి స్టేషనరీ వ్యాపారం ఉండటం కలిసొచ్చింది. ఇంట్లోనే తోటి ఆడవాళ్లను కూర్చోబెట్టి, ఒకరు కత్తిరిస్తే ఇంకొకరు అంటించేలా పని పంచింది. ఇప్పుడు ఆ శ్రమ లేదు. కార్టూన్ బొమ్మల కార్డులు క్లాసుకంతా సరిపోయేలా ఒకే పెట్టెలో దొరుకుతాయి. పేర్లు రాస్తే చాలు.

ఆ పేర్లు రాసే పనే పిల్లలకు వదిలేయండని నేను అడుగుతున్నాను. చాలా ఇళ్లలో 13వ తేదీ రాత్రి, పిల్లలు పడుకున్నాక, అమ్మే టెన్షన్‌గా రాసేస్తుంది. లేదా నాన్న లేబుళ్లు ప్రింట్ తీస్తాడు. చూడటానికి పొందిగ్గానే ఉంటాయి, కానీ పిల్లకు దక్కేదేమిటి?

టెక్సస్‌లో మా చెల్లెలి ఇంట్లో చూశాను. పిల్ల లిస్టు మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, ఒక్కో అక్షరం దించుతోంది. ఎస్ తిరగబడింది. గట్టిగా చెరిపేసరికి కార్డు అంచు చిరిగింది. మధ్యలో ఒక పేరు దగ్గర ఆగి, "అమ్మా, వీడు నా పెన్సిల్ లాక్కున్నాడు, వీడికి ఇవ్వను" అంది. "అందరికీ ఇవ్వాలని టీచర్ చెప్పారు కదమ్మా. వాడికేం ఇష్టమో చూడు" అంది మా చెల్లెలు. కాసేపు మూతి ముడుచుకుని, డైనోసార్ బొమ్మ కార్డు వెతికి తీసింది. వాడికి డైనోసార్లంటే పిచ్చట! లేబుళ్లు ప్రింట్ తీసి ఉంటే ఆ ఆలోచన వచ్చేదే కాదు. మన ఇళ్లలో శుభలేఖల మీద పేర్లు రాసేటప్పుడు కూడా ఇంతే, ఎవరినీ మరిచిపోకూడదని ఒక్కొక్కరినీ తలచుకుంటూ రాస్తాం. ఇంకో ఇంట్లో ఇంకో పిల్ల, సాయి ప్రణీత్ అనే మన పిల్లాడి పేరు కూడా ఇలాగే కష్టపడి రాస్తూ ఉంటుంది.

కిండర్‌గార్టెన్‌లో కొందరు టీచర్లు, పంచడం తేలికవుతుందని, ఎవరికి అన్నచోట ఖాళీ వదిలేయమంటారు. అప్పుడు పిల్ల తన పేరు రాసుకున్నా చాలు. కార్డుతో పాటు తినేవి పెట్టాలనుకుంటే ముందు బడి నుంచి వచ్చిన చీటీ చదవండి. వేరుశనగ, జీడిపప్పు పడని పిల్లలు ఉంటారు. ఇంట్లో చేసిన మిఠాయి పంపకపోవడమే మంచిది. స్టిక్కరో పెన్సిలో అయితే ఏ గొడవా ఉండదు.

ఈ చలికాలం పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మమ్మలు, నానమ్మలు పక్కన కూర్చుని లిస్టు చదివి పెట్టవచ్చు. పలకడం తప్పితే మనవరాలే దిద్దుతుంది. లిస్టు వచ్చిన సాయంత్రమే మొదలుపెట్టించండి. రోజుకు నాలుగైదు పేర్ల చొప్పున రాస్తే వారంలోపే అయిపోతుంది, పిల్ల చేయీ నొప్పి పుట్టదు.

సెలవు. నమస్కారం.