మడి ఎండితే మడినే తిడతారేం? నొప్పి మందులు, హార్మోన్లు, మూడ్

[తెర మీద: ఎండిన వరి మడి]

నడుం నొప్పికి ఏడాదిన్నరగా మందు వాడుతున్న మనిషి. ఓపిక లేదు, అయినదానికీ కానిదానికీ చిరాకు, దాంపత్యం మీద ఆసక్తి పోయింది. ఇంట్లోవాళ్లు "నొప్పితో అలా అయిపోయాడు" అంటారు. ఒక డాక్టరు "వయసు కదండీ" అంటాడు. ఇంకొకాయన డిప్రెషన్ బిళ్ళ రాస్తాడు. ఏడాదిన్నరగా మింగుతున్న ఆ నొప్పి మందు సంగతి మాత్రం ఎవరూ అడగరు. నాకు చిర్రెత్తేది అక్కడే.

నేను చెప్పేది డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ గురించి కాదు. "కిడ్నీలు పోతాయట కదా" అన్న భయం ఆ జాతి మందులది. మన విషయం ఓపియాయిడ్లు, అంటే నల్లమందు తరహా నొప్పి మందులు: ట్రమడాల్, టాపెంటడాల్, మార్ఫిన్, ఒంటికి అంటించుకునే ఫెంటానిల్ ప్యాచ్, బుప్రెనార్ఫిన్ ప్యాచ్. వీటి దెబ్బ వేరే చోట తగులుతుంది.

ఒక చెరువు అనుకోండి. తూము దగ్గర నీళ్లు వదిలే నీరటి ఉంటాడు. సీమవాళ్లు నీరుగంటి అంటారు. మన మెదడు అడుగున ఉన్న హైపోథలమస్సే ఆ నీరటి. తూము ఎత్తి వదిలేసే రకం కాదు. గంటన్నర, రెండు గంటలకోసారి కాస్త ఎత్తుతాడు, దించుతాడు. ఎత్తినప్పుడల్లా వచ్చే హార్మోన్ పేరు జీఎన్‌ఆర్‌హెచ్. అది తగలగానే పిట్యూటరీ గ్రంథి అనే కాలువలో ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లు పారతాయి. కాలువ చివర మడి ఉంటుంది: మగవారికి వృషణాలు, ఆడవారికి అండాశయాలు.

నొప్పిని ఆపడానికి ఓపియాయిడ్ పట్టుకునే మ్యూ రిసెప్టర్లు ఈ నీరటిని నడిపించే నరాల దగ్గర కూడా ఉన్నాయి. మందు నొప్పితో పాటు ఆయన్నీ జోకొడుతుంది. తూము ఎత్తడం ఆలస్యమవుతుంది, కొన్నిసార్లు ఎత్తనే ఎత్తడు. నాలుగైదు గంటలు పనిచేసే బిళ్ళయితే మధ్యలో కాస్త మెలకువ వస్తుంది. ఫెంటానిల్ ప్యాచ్, రోజంతా పనిచేసే మార్ఫిన్ ఆ సందు కూడా ఇవ్వవు. అందుకే దీర్ఘకాలం పనిచేసే రకాల్లో మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ ఎక్కువ మందికి పడిపోతుంది.

మడి బాగానే ఉంది, విత్తనం బాగానే ఉంది. పైనుంచి నీళ్లు రాలేదంతే.

[తెర మీద: ల్యాబ్ రిపోర్ట్]

ఇప్పుడు మగవారి పరీక్ష. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ల్యాబ్‌లో రక్తం ఇస్తే కుదరదు, టెస్టోస్టెరాన్ సాయంత్రానికి మామూలుగానే తగ్గుతుంది. పొద్దున 7 నుంచి 10 లోపు, పరగడుపున, రెండు వేర్వేరు రోజులు ఇవ్వాలి. రెండుసార్లూ టోటల్ టెస్టోస్టెరాన్ డెసిలీటరుకు 300 నానోగ్రాముల లోపు ఉంటే తక్కువే.

దాంతోపాటు ఎల్‌హెచ్ తప్పకుండా చూడాలి. తప్పంతా ఇక్కడే జరుగుతుంది. మడి ఎండి, కాలువ పొంగుతుంటే లోపం మడిలో ఉన్నట్టు. మడి ఎండి, కాలువలోనూ నీళ్లు లేకపోతే నీరటి నిద్రపోయినట్టు. రిపోర్ట్‌లో ఎల్‌హెచ్ పక్కన "నార్మల్" అని ఉంటుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అయ్యా, మడి ఎండినప్పుడు కాలువ మామూలుగా పారడం నార్మల్ కాదు, పొంగాలి!

ఆడవారికి నెలసరి ఆలస్యమవుతుంది, ఆగిపోతుంది. నలభై దాటితే "మెనోపాజ్" అని తేల్చేస్తారు. మెనోపాజ్‌లో ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా పెరుగుతుంది, ఇక్కడ పెరగదు. ఇంకోటి, నెలసరి రావట్లేదు కదా అని గర్భం రాదనుకోకండి. మందు తగ్గించగానే అండం విడుదల మళ్లీ మొదలుకావచ్చు.

మూడ్ విషయానికొస్తే, మడి ఎండటమే ఒక కారణం. టెస్టోస్టెరాన్ తగ్గితే నీరసం, చిరాకు, దిగులు వస్తాయి. రెండోది, బయటి మందుకు అలవాటుపడ్డ మెదడుకు మామూలు సంతోషాలు ఆనవు. మనవడు వచ్చినా, మంచి భోజనం పెట్టినా అంతే. పైగా డోసు దిగే వేళకు అశాంతి, ఏడుపు, ఒళ్లు నొప్పులు వస్తాయి. వాటిని "నొప్పి పెరిగింది" అనుకుని డోసు పెంచుతారు, నీరటి ఇంకా గాఢంగా నిద్రపోతాడు. నొప్పి కూడా దిగులు తెస్తుంది, కాదనను. ఈ మూడు కారణాలూ కలిసే ఉండొచ్చు. కానీ డిప్రెషన్ బిళ్ళ మడికి నీళ్లు పెట్టదు.

ఇక్కడే ఒక ప్రమాదం. ట్రమడాల్ సెరటోనిన్‌నూ పెంచుతుంది. దానికి ఎసిటాలోప్రామ్ లాంటి డిప్రెషన్ బిళ్ళ తోడైతే కొందరికి వణుకు, చెమట, జ్వరం, విరేచనాలు, కండరాలు ఎగరడం మొదలవుతాయి. అప్పుడు ఎమర్జెన్సీకే వెళ్లాలి.

టైం అయిపోతోంది, మిగతాది గబగబా.

ఇదే నీరటి చేతిలో ఇంకో తూము ఉంది: కార్టిసాల్, అంటే ఒంటికి ఒత్తిడిని తట్టుకునే బలమిచ్చే హార్మోన్. ఇది మూతపడటం అరుదు, కానీ పడితే ప్రాణం మీదికి వస్తుంది. లేవగానే కళ్లు తిరగడం, వికారం, బరువు తగ్గడం ఉంటే పొద్దున 8 గంటలకు కార్టిసాల్ చూడాలి. డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల లోపు ఉంటే గట్టిగా అనుమానించాలి. 2016 మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ రెండు తూముల సంగతినీ, సెరటోనిన్ సంగతినీ లేబుల్ మీద రాయమంది. నడుం నొప్పికి ఆర్‌ఎంపీ దగ్గర "పవర్‌ఫుల్" ఇంజెక్షన్లు చేయించుకుని ఉంటే డాక్టరుకు చెప్పండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే అదీ ఈ తూమునే మూస్తుంది.

పరిష్కారం? సొంతంగా ఒక్కసారే మానకండి. ఏడాది దాటి వాడినవారికి డాక్టరు పర్యవేక్షణలో నెలకు 10 శాతం, లేదా అంతకన్నా నెమ్మదిగా తగ్గిస్తారు. బుప్రెనార్ఫిన్‌కు మార్చడం ఒక దారి, అదీ ఓపియాయిడే గానీ హార్మోన్లను తక్కువగా తాకుతుంది. టెస్టోస్టెరాన్ జెల్, ఇంజెక్షన్ అంటే ట్యాంకరు నీళ్లు. మడి తడుస్తుంది గానీ, ట్యాంకరు వచ్చాక నీరటి అసలు లేవడు, వీర్యకణాలు పడిపోతాయి. పిల్లలు కావాలనుకునేవారికి పనికిరాదు. వాడేవారికి హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, 54 శాతం దాటితే ఆపాలి. ఈ హార్మోన్లు తగ్గితే ఎముకలూ బలహీనపడతాయి, వాటి గట్టిదనం చూసే డెక్సా స్కాన్ అడగండి.

క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ తీసుకుంటున్నవారు ఈ వీడియో చూసి మందు ఆపొద్దు. అక్కడ లెక్క వేరు.

ఆఖరుగా, జుట్టుకోసం బయోటిన్ బిళ్ళలు వేసుకునేవారు రక్తం ఇచ్చేముందు కనీసం రెండు రోజులు ఆపండి, కొన్ని ల్యాబ్ యంత్రాల్లో అది హార్మోన్ అంకెల్ని తారుమారు చేస్తుంది. నొప్పి మందు మాత్రం ఆపకండి, ఎప్పటిలాగే వేసుకుని వెళ్లండి.