గొట్టం దాటాక పుట్టే కాలుష్యం: నిమ్మతొక్కతో మొదలుపెడదాం

నమస్కారం. నా చేతిలో ఉన్నది పొదలకూరు నిమ్మకాయ. తొక్క చిన్న ముక్క కోసి, ఈ కొవ్వొత్తి మంట పక్కన మడిచి గట్టిగా నొక్కుతున్నాను. చిటచిటమంటూ మెరిసిన రవ్వలు చూశారా? తొక్కలోంచి చిమ్మిన నూనె అంటుకుంది. అందులో ఎక్కువ భాగం లిమోనీన్. పది కార్బన్, పదహారు హైడ్రోజన్ పరమాణువులున్న అణువు. పిల్లలు ఈ ప్రయోగం చేస్తే పెద్దవాళ్లు పక్కనే ఉండాలి.

ఇప్పుడు కొవ్వొత్తి ఆర్పేసి మళ్లీ తొక్క గిల్లుతాను. ఈసారి వాసన మాత్రమే. వాసన తగిలిందంటే ఆ నూనె ఆవిరై గాలిలో కలిసిందన్నమాట. ఇలా తేలికగా ఆవిరయ్యే కర్బన పదార్థాలు నెల్లూరు ట్రంకు రోడ్డు మీద ఎన్నో. పెట్రోలు బంకులో ట్యాంకు మూత తీయగానే ముక్కుకు తగిలే ఘాటులో బెంజీన్, టోలుయిన్ ఉంటాయి. కొత్తగా వేసిన రంగు, కాగుతున్న తారు కూడా ఇలాంటివే వదులుతాయి. చెట్ల ఆకులు ఐసోప్రీన్ వదులుతాయి.

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది, కాస్త నిదానంగా వినండి. ఇంజన్ల పొగలోని నైట్రోజన్ డయాక్సైడ్‌ను ఎండ విడగొడుతుంది. విడివడిన ఆక్సిజన్ పరమాణువు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఓజోన్ అవుతుంది. ఓజోన్, ఎండ, నీటి ఆవిరి కలిసిన చోట హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. రాడికల్ అంటే జత లేని ఎలక్ట్రాన్‌తో, దేనితోనైనా కలిసిపోవాలని తహతహలాడే ముక్క. అది సాధారణంగా ఒక సెకను కూడా నిలవదు, ఎదురైన కర్బన అణువు మీద పడుతుంది. ఆ దెబ్బ తిన్న అణువుకు ఆక్సిజన్ తగులుకుంటుంది. ఆక్సిజన్ చేరేకొద్దీ చాలా అణువులు ఆవిరిగా ఉండలేవు. గిన్నె మూతకు ఆవిరి చెమర్చినట్టు గాలిలోని మసి మీద, ధూళి మీద చేరిపోతాయి. తేడా ఒక్కటే: మూత మీద ఆవిరి చల్లబడి నీరవుతుంది, ఇక్కడ అణువే మారిపోతుంది. అంటే ఏ గొట్టం నుంచీ నేరుగా రాని కణం మన ఊపిరిలోకి చేరుతోంది.

దీని తొలి ఆధారాలు లాస్ ఏంజెలిస్‌లో దొరికాయి. 1950ల తొలి రోజుల్లో అక్కడ కళ్లు మండించే పొగమంచుకు కారణం వాహనాల, చమురు శుద్ధి కర్మాగారాల ఆవిర్లపై ఎండ పనిచేయడమేనని ఆరీ హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త చూపించారు. అంతకు ముందు ఆయన పరిశోధించింది అనాసపండు వాసనను! వాసనలు తెలిసినవాడికే ఈ గుట్టు చిక్కడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

పుట్టిన కణం అలాగే ఉండిపోదు. పొద్దున బండ్ల రద్దీలో వచ్చేదాంట్లో ఆక్సిజన్ తక్కువ. ఎండ ముదిరేకొద్దీ ఆక్సిజన్ చేరి, కణం తేమను ఎక్కువగా పీల్చుకుంటుంది. సాయంత్రం బజ్జీల బండి దగ్గర కాగిన నూనె పొగ తోడవుతుంది. చీకటి పడ్డాక హైడ్రాక్సిల్ తగ్గి, నైట్రేట్ రాడికల్ ఆ పని అందుకుంటుంది. మధ్యాహ్నం మైపాడు వైపు నుంచి సముద్రపు గాలి వీస్తే, పొద్దున నగరంలో లేచిన ఆవిరి కణాలుగా మారి పడమటి పల్లెల మీదికి చేరవచ్చు. బండి ఎక్కని రైతు కూడా దాన్ని పీల్చవలసి వస్తుంది.

నెల్లూరు, ఒంగోలు రెండూ గాలి కాలుష్యం తగ్గించేందుకు కేంద్రం చేపట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో ఉన్నాయి. రోడ్లు ఊడ్చి నీళ్లు చల్లితే మట్టి దుమ్ము అణుగుతుంది, అది అవసరమే. కానీ ఆ నీళ్లు ఈ ఆవిర్లను ఆపవు. సన్నని కణాలకు మన దేశ వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది 5. ఆ దూరం తగ్గాలంటే బంకుల్లో ఆవిరిని తిరిగి పట్టే పరికరాలు, ఇంజన్ల పొగ మీద గట్టి తనిఖీ తప్పవని నా అభిప్రాయం.

ఇంట్లో చేయగలిగినది ఒకటుంది. నేల తుడిచే నిమ్మ వాసన ద్రావణాల్లో చాలావాటిలో ఇదే లిమోనీన్ ఉంటుంది. మధ్యాహ్నపు ఎండలో బయట ఓజోన్ పెరిగి, కిటికీలోంచి వచ్చి దాన్ని కణాలుగా మారుస్తుంది. కాబట్టి తుడిచే పని పొద్దున్నే ముగించండి. గాలి శుభ్రం చేస్తుందంటూ ఓజోన్ వదిలే యంత్రాన్ని మాత్రం ఇంట్లోకి రానివ్వకండి.