వకాల్తాలో పేరు వేయించుకోండమ్మా: ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు మహిళా లాయర్ల ఇబ్బందుల గురించి. శ్రీకాకుళంలో ప్రాక్టీసు చేస్తున్న సీనియర్ లాయర్ మేడమ్ మనతో ఉన్నారు. నరసన్నపేట నుంచి ఫోన్. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడమ్. నేను లాయర్‌గా ఎన్‌రోల్ అయి నాలుగేళ్లు. బాబుకి ఏడో నెల. మా ఆయన విశాఖలో ఉంటారు, శనివారం వస్తారు. బాబుని అత్తగారు చూస్తారు గానీ ఆవిడకి మోకాళ్ల నొప్పులు. పొద్దున్న కోర్టు పర్లేదు మేడమ్, సాయంత్రం ఆఫీసే... సీనియర్ గారు ఆరున్నరకి కూర్చుంటారు, పార్టీలు, అదే క్లయింట్లు, ఏడు దాటాక వస్తారు. నేను ఇంటికి చేరేసరికి తొమ్మిదిన్నర. మొన్న కేసు పిలిచినప్పుడు నిలబడి ఉండగానే పాలు కారి చొక్కా తడిసిపోయింది. కోటు ఉండబట్టి ఎవరికీ తెలీలేదు. ఏడుపొచ్చేసింది. ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం ఉంది, ఇంట్లో చేరిపోమంటున్నారు. చేరిపోనా?

మేడమ్: ముందు ఇది చెప్పండి. వకాల్తాలో, అదే కేసు నడపమని పార్టీ లాయర్‌కి రాసిచ్చే కాగితంలో, మీ పేరు ఉంటోందా?

కాలర్: లేదు మేడమ్, సీనియర్ గారిదే.

మేడమ్: చూశారా! నాలుగేళ్లు కష్టపడ్డారు, కాగితం మీద మీరు లేరు. రెండేళ్లు ఆగి వస్తే ఏ పార్టీ గుర్తుపడుతుంది మిమ్మల్ని? పేరు వేయించుకోండమ్మా.

కాలర్: అది సరే మేడమ్, 26 వారాల సెలవు అంటారు కదా, మరి మనకి...

మేడమ్: మనకి రాదు. 1961లో ప్రసూతి చట్టం తెచ్చింది ఉద్యోగులకి. 2017లో 12 వారాలని 26 చేసిందీ వాళ్లకే. సొంత ప్రాక్టీసులో జీతమిచ్చే యజమాని ఎవరు? ఆడవాళ్లు లాయర్లు కావచ్చని 1923లో చట్టం చేశారు. వందేళ్లు దాటినా బిడ్డకి పాలివ్వడానికి ఒక గది కోసం అడుక్కోవాలి. మా అమ్మాయిని బార్ హాల్లో రెండు కుర్చీలు దగ్గరికి లాగి, నా లాయరు గౌను పరిచి పడుకోబెట్టేదాన్ని. మీకా పాట్లు వద్దు.

కాలర్: అయితే స్కూల్లో చేరిపోనా మేడమ్?

మేడమ్: మళ్లీ అదేనా! ఫుల్‌టైమ్ జీతానికి చేరితే బార్ కౌన్సిల్‌కి తెలియజేసి ప్రాక్టీసు ఆపాలి. రెండూ కుదరవు. ముందు సీనియర్ గారితో మాట్లాడండి. సాయంత్రం రాలేను, డ్రాఫ్టులు ఇంటి దగ్గర రాసి పంపుతాను అనండి. ఒప్పుకోకపోతే ఆఫీసు మారండి, తప్పేం కాదు. పేదలకి ఉచితంగా లాయర్ని ఇచ్చే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది కదా, వాళ్ల లాయర్ల ప్యానెల్‌కి మూడేళ్ల ప్రాక్టీసు అడుగుతారు, మీకుంది. ఆ కేసుల్లో వకాల్తా మీ పేరునే. సీనియర్ గారు ఎంతిస్తున్నారు?

కాలర్: ...బస్సు చార్జీలకి సరిపోద్ది మేడమ్.

మేడమ్: తెలుసమ్మా. అందరూ బిడ్డ పేరు చెబుతారు గానీ, మన అమ్మాయిల్ని ఇంట్లో కూర్చోబెట్టేది ఈ చాలీచాలని డబ్బే.

వ్యాఖ్యాత: థాంక్సమ్మా. బొబ్బిలి నుంచి.

కాలర్: మేడమ్, జడ్జి పరీక్షకి మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని...

మేడమ్: 2025 మేలో సుప్రీంకోర్టు మళ్లీ పెట్టింది. ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్, అదే తాత్కాలిక నమోదు, తేదీ నుంచి లెక్క. వకాల్తాలో పేరు...

వ్యాఖ్యాత: టైమ్ తక్కువుంది మేడమ్. విజయనగరం, చెప్పండి.

కాలర్: ఎనిమిదేళ్ల ప్రాక్టీసు మేడమ్. నోటరీకి పదేళ్లు ఉండాలంటున్నారు.

మేడమ్: మహిళలకి ఏడేళ్లు చాలు. అప్లై చేసేయండి.

వ్యాఖ్యాత: నరసన్నపేట అమ్మాయే మళ్లీ లైన్లో ఉన్నారు. త్వరగా అమ్మా.

కాలర్: సారీ మేడమ్. నడుస్తున్న కేసుల్లో కూడా పేరు వేయించుకోవచ్చా?

మేడమ్: ఎందుకు కుదరదు? పార్టీ సంతకంతో, సీనియర్ గారి సమ్మతితో కొత్త వకాల్తా వేయాలి. వచ్చే వాయిదా ఎప్పుడు?

కాలర్: గురువారం మేడమ్.

మేడమ్: అయితే బుధవారమే అడగండి.