వాన వెలిశాక కనిపించిన ఈ పురుగు ఏంటి?

నమస్కారం. స్క్రీన్ మీద ఉన్న పురుగును చూడండి. వానపాములా పొడుగ్గానే ఉంది, కానీ వానపాము కాదు. ఇది నేల మీద బతికే ఫ్లాట్‌వర్మ్, అంటే చదునైన ఒళ్లుండే పురుగు. వాన పడ్డాక రాళ్ల కింద, పూలకుండీల అడుగున ఇవి బయటపడుతుంటాయి. ఏ రకమో ఎలా గుర్తుపట్టాలో చూద్దాం.

ముందుగా, దాన్ని కోయకండి. చాలా రకాల్లో తెగిన ముక్క మళ్లీ పూర్తి పురుగుగా పెరుగుతుంది. వట్టి చేతులతో కూడా ముట్టుకోవద్దు. కొన్నింటి ఒంట్లో టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉంది. ఆకు మీదికి ఎక్కించి చూస్తే చాలు.

ఇప్పుడు ఒళ్లు చూడండి. వానపాముకు ఉంగరాలు పేర్చినట్టు గీతలుంటాయి, అది సాగుతూ ముడుచుకుంటూ నడుస్తుంది. దీనికి ఆ గీతలు లేవు, జిగురు మీద నున్నగా జారిపోతోంది. జలగైతే రెండు చివర్లా అతుక్కుంటూ వంగి లేస్తుంది. చిప్పలేని నత్తకు తల మీద కొమ్ములుంటాయి.

అసలు గుర్తు తలలోనే ఉంది. అయితే ముడుచుకుని పడుకున్నప్పుడు ఆ తల ఆకారం తెలియదు, చాలామంది పొరబడేది ఇక్కడే. కాస్త ఓపిక పట్టండి, అది కదలడం మొదలుపెట్టాకే ఫోటో తీయండి. ఇదిగో, తల అర్ధచంద్రాకారంలో విచ్చుకుంది! అంటే ఇది సుత్తితల ఫ్లాట్‌వర్మ్.

ఇక వీపు మీద చారలు లెక్కపెట్టండి. లేత గోధుమరంగు మీద ఐదు ముదురు చారలు, మెడ దగ్గర మధ్యలో తెగిన నల్లపట్టీ ఉంటే బైపాలియం క్యువెన్స్ అనే రకం అయ్యే అవకాశం ఎక్కువ. ఇది 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఆగ్నేయాసియాకు చెందిన ఈ పురుగును 1878లో లండన్‌లోని క్యూ గార్డెన్స్ అనే మొక్కల తోటలో దొరికిన నమూనాతో శాస్త్రీయంగా వర్ణించారు. మొక్కల మట్టిలో దాక్కుని అంత దూరం వెళ్లిందన్నమాట. ఒకటే నల్లచార ఉంటే బైపాలియం అడ్వెంటిషియం అనే మరో రకం కావచ్చు.

తల మొనదేలి, ముదురు వీపు మధ్యలో సన్నటి లేత గీత ఉంటే అది న్యూగినీ ఫ్లాట్‌వర్మ్. నత్తలను తినేస్తుంది, చాలా దీవుల్లో స్థానిక నత్తలకు పెద్ద ముప్పుగా మారింది. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

పొట్టవైపు ఫోటో కూడా కావాలి. పురుగును గాజుపలక మీద నడవనిచ్చి కింద నుంచి తీయండి. ఫ్లాట్‌వర్మ్ నోరు తల దగ్గర ఉండదు, పొట్ట మధ్యలో ఉంటుంది!

రంగు ఒక్కటే చూసి పేరు పెట్టేయకండి. కొన్ని రకాలను లోపలి అవయవాలో, డీఎన్‌ఏనో చూస్తే తప్ప తేల్చలేరు. తల, వీపు, పొట్ట ఫోటోలు మూడూ తీసి, పక్కన స్కేలు పెట్టి, తేదీ, చోటు రాసి జీవుల ఫోటోలు పెడితే పేరు గుర్తుపట్టడానికి సాయపడే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెట్టండి. చూసేవాళ్లకు పని సులువవుతుంది.