సమురాయ్‌ల కథ ముగించింది సమురాయ్‌లే

తమ్ముడు: అక్కా, జపాన్‌లోని యోధుల వర్గం సమురాయ్‌ల అంతం అనగానే అందరికీ గుర్తొచ్చే బొమ్మ ఒకటే. ఇటు కత్తులు పట్టిన వీరులు, అటు తుపాకుల సైన్యం.

అక్క: ముందు ఆ బొమ్మ చెరిపెయ్‌రా. 1868 జనవరిలో క్యోటో శివార్లలో, తోబా, ఫుషిమిల దగ్గర మొదలైంది బోషిన్ యుద్ధం, దేశాన్నేలే సైనిక పాలకుడైన షోగన్ పక్షానికీ చక్రవర్తి పేరు మీద లేచిన పక్షానికీ మధ్య అంతర్యుద్ధం. అక్కడ రెండు వైపులా సమురాయ్‌లున్నారు, రెండు వైపులా తుపాకులున్నాయి. పైగా షోగన్ తోకుగావా యోషినోబు 1867 చివర్లోనే అధికారాన్ని చక్రవర్తికి అప్పగించేశాడు.

తమ్ముడు: అప్పగించేశాక ఇంకేం గొడవ?

అక్క: పదవి వదిలాడు గానీ భూములు వదల్లేదు కదా. కొత్త ఏర్పాటులోనూ పెద్దరికం తనదేనని ఆయన ధీమా. సత్సుమా, చోషూ సంస్థానాల వాళ్లకి అది మింగుడుపడలేదు. సైనికులతో రాజభవనం చుట్టూ కాపలా పెట్టి, షోగన్ పాలన రద్దని చక్రవర్తి పేరు మీద ప్రకటించేశారు. భూములు కూడా ఇచ్చెయ్యమన్నారు. చక్రవర్తి మెయిజీకి అప్పటికి పదిహేనేళ్లు.

తమ్ముడు: పేరు ఆయనది, పెత్తనం వీళ్లదన్నమాట.

అక్క: అంతే. యుద్ధంలో షోగన్ వైపు దాదాపు 15,000 మంది, వీళ్లు 5,000. అయినా షోగన్ పక్షం ఓడింది. మంచి రైఫిళ్లు, మంచి శిక్షణ ఒక కారణం. నా దృష్టిలో అసలు దెబ్బ మాత్రం ఒక జెండా. చక్రవర్తి సైన్యానికి గుర్తైన జరీ పట్టు పతాకం. దాన్ని ముందే రహస్యంగా తయారు చేయించి పెట్టుకున్నారు. అది ఎగరగానే ఎదురు నిలిచినవాళ్లంతా రాజద్రోహులైపోయారు. షోగన్ మనుషులు కొందరు అక్కడికక్కడే ప్లేటు ఫిరాయించారు. యోషినోబు అయితే ఒసాకా కోటలో తన సైన్యాన్ని వదిలేసి, రాత్రికి రాత్రే వెళ్లి ఓడెక్కి ఎదోకి, అంటే ఇప్పటి టోక్యోకి, పారిపోయాడు.

తమ్ముడు: నాయకుడే పారిపోతే ఇంకెవరు పోరాడతారు?

అక్క: పోరాడారు, అదే బాధ. ఎదో మాత్రం బతికిపోయింది. సత్సుమా సేనాని సైగో తకమోరి, షోగన్ తరఫున కాత్సు కైషూ కూర్చుని మాట్లాడుకుంటే దాడి ఆగింది, కోట చేతులు మారింది. దాదాపు పది లక్షల జనం ఉన్న ఊరు! షోగన్ పక్షాన నిలిచిన ఐజు సంస్థానానికి ఆ అదృష్టం లేదు. అక్కడ బ్యక్కోతాయ్ అని పదహారు, పదిహేడేళ్ల కుర్రాళ్ల దళం ఉండేది. అందులో ఇరవై మంది ఈమోరి గుట్టెక్కి చూస్తే కోట వైపు పొగ కనిపించింది. కోట పడిపోయిందనుకుని ఆత్మహత్యకు పూనుకున్నారు. ఒక్కడే బతికాడు.

తమ్ముడు: కోట నిజంగా పడిపోయిందా?

అక్క: లేదురా. కాలుతున్నది చుట్టూ ఉన్న ఊరు. కోట ఆ తర్వాత కూడా వారాల తరబడి నిలబడింది.

తమ్ముడు: అయ్యో...

అక్క: 1869లో ఉత్తరాన హకోదాతేలో షోగన్ పక్షం చివరి దళం లొంగిపోవడంతో యుద్ధం అయిపోయింది. కానీ సమురాయ్‌లు అప్పటికీ ఉన్నారు. వాళ్లకి అసలు దెబ్బ తగిలింది ఖజానా లెక్కల్లో. తరతరాలుగా బియ్యం లెక్కన వాళ్లకి భత్యం వచ్చేది. 1871లో సంస్థానాలు రద్దయ్యాక ఆ భారమంతా కొత్త ప్రభుత్వం నెత్తిన పడింది. 1873లో నిర్బంధ సైనిక సేవ తెచ్చారు, రైతు బిడ్డ కూడా సిపాయే. ఇక వీళ్లకి కూర్చోబెట్టి జీతం ఎందుకు? 1876లో కత్తి పెట్టుకుని తిరగడం నిషేధించారు, భత్యం ఆపేసి బాండ్లు చేతిలో పెట్టారు. ఇదంతా చేసింది కూడా ఒకప్పటి సమురాయ్‌లే.

తమ్ముడు: మరి సైగో ఏమయ్యాడు?

అక్క: 1873లోనే ప్రభుత్వంతో పడక ఊరెళ్లిపోయాడు. 1877లో సత్సుమా సమురాయ్‌లు తిరగబడితే వాళ్లకి నాయకుడయ్యాడు. ప్రభుత్వ సైన్యం చేతిలో ఉన్న కుమమోతో కోటను ముట్టడించారు. లోపల కాపలా ఉన్నది ఎక్కువగా ఆ కొత్త సిపాయిలే. యాభై రోజులకు పైగా కొట్టినా కోట లొంగలేదు. సైగో వాళ్ల దగ్గరా తుపాకులు, ఫిరంగులు ఉన్నాయి. తూటాలు కరువయ్యాకే కత్తులే దిక్కయ్యాయి. సెప్టెంబర్ 24న కగోషిమాలోని షిరోయామా గుట్ట మీద ఆయన చనిపోయాడు.

తమ్ముడు: గెలిపించినవాడు అలా పోయాడు. మరి ఓడి పారిపోయిన యోషినోబు?

అక్క: ఆయనకేం, షిజువోకాలో దర్జాగా బతికాడు. ఫొటోలు తీశాడు, వేటకెళ్లాడు, సైకిల్ తొక్కాడు. 1902లో అదే ప్రభుత్వం ఆయనకి ప్రిన్స్ బిరుదు కూడా ఇచ్చింది. పోయింది 1913లో.